చిప్పు నుదుటి రాత

నూజివీడు దగ్గర, ఆగిరిపల్లి వైపు ఒక చిన్నరసాల తోట. ఏప్రిల్ మధ్యలో పొద్దున పదకొండింటికే ఎండ కళ్లలో గుచ్చుకుంటోంది. బోరు పక్కన రాతి స్తంభానికి బిగించిన స్టార్టరు డబ్బా తలుపు తీస్తే ముందుగా బల్లి ఒకటి బయటికి దూకింది. లోపల ఫ్యూజులు, కాంటాక్టరు, రిలేలు, చీమలు తెచ్చిపోసిన మట్టి. ఒక పక్కన అరచేతిలో పట్టే ఆకుపచ్చ బోర్డు, దాని మీద 28 కాళ్ల నల్ల చిప్. రేకు ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది.

“కరెంటు ఉంది మాస్టారూ. మూడు ఫేజులూ ఉన్నాయి. మోటారుకి ఏ జబ్బూ లేదు, నేరుగా కలిపితే తిరుగుతోంది. మీ బోర్డే వద్దంటోంది,” అన్నాడు తోట రైతు. నేను బాబాయి అని పిలిచే మనిషి. ఆయన గొంతులో కోపం లేదు, ఆదుర్దా ఉంది. చెట్ల కింద గోలీల్లాంటివి, నిమ్మకాయల్లాంటివి పచ్చికాయలు రాలి ఉన్నాయి. పూతకు ముందు నీళ్లు ఆపేయడం, పిందె బఠాణీ గింజంత అయ్యాక మళ్లీ పెట్టడం ఇక్కడి పద్ధతి. అలా మొదలుపెట్టాక మధ్యలో తడి తప్పితే చెట్టు కాయను వదిలించుకుంటుంది.

ఆ బోర్డు మేం తయారుచేసిందే. అది చేసే పని చిన్నది. కరెంటు రాగానే మోటారు వేస్తుంది. ఒక ఫేజు పోతే వైండింగు కాలకముందే ఆపేస్తుంది. బోరులో నీళ్లు అడుగంటినా ఆపేస్తుంది. రైతు టార్చిలైటు పట్టుకుని పాములు తిరిగే గట్ల మీద చీకట్లో నడిచే అవసరం తప్పిస్తుంది. ఈ ఒక్క కారణానికే ఇలాంటి డబ్బాలంటే నాకు ఇంత మమకారం. ఇంకో పని కూడా మేమే దానికి అప్పజెప్పాం: ఆ రోజు మోటారు ఎన్ని నిమిషాలు నడిచిందో లెక్కపెట్టి, రైతు పెట్టిన గడువు దాటితే ఆపేయడం. బోరు మళ్లీ ఊరాలి కదా. చిక్కు అక్కడే వచ్చిందని ఆ పూట నాకు తెలియదు. నేను ముందు అనుమానించింది ఎండని.

మైక్రోకంట్రోలర్ అంటే ఒకే చిప్‌లో ఇమిడిన చిన్న కంప్యూటరు. ఏం చెయ్యాలో చెప్పే ఆజ్ఞల వరుస, అంటే ప్రోగ్రామ్, కరెంటు పోయినా చెరగని చోట ఉండాలి. అదే ప్రోగ్రామ్ మెమరీ. చిప్ కొనేటప్పుడు అందరూ వేగం చూస్తారు, కాళ్లు లెక్కపెడతారు, ధర అడుగుతారు. ప్రోగ్రామ్ ఏ రకం మెమరీలో ఉందన్నది ఆఖర్న చూస్తారు, కొందరు చూడనే చూడరు. నేనైతే ముందు అదే అడుగుతాను. ఈ రాతను మళ్లీ ఎవరైనా మార్చాల్సి వస్తుందా? వస్తే ఎవరు మార్చాలి, ఎక్కడ, ఎన్నిసార్లు? దీనికి జవాబు దొరికితే చిప్ సగం ఎంపికైనట్టే.

అన్నిటికంటే గట్టి రాత మాస్క్ రోమ్. అది అచ్చంగా బ్రహ్మరాత. చిప్‌ను ఫ్యాక్టరీలో పొరలు పొరలుగా అచ్చు వేసేటప్పుడే ఒక పొర ఆకారంలో ప్రోగ్రామ్ కూడా పడిపోతుంది. ఆ అచ్చు చేయించడానికి ఖర్చు చాలా అవుతుంది, చిప్‌లు చేతికి రావడానికి వారాలు పడుతుంది. వేలల్లో, లక్షల్లో తీసుకుంటే తప్ప గిట్టదు. ఒక్క ఆజ్ఞ తప్పు పడిందంటే సరుకంతా చెత్తబుట్టకే. ఇంటెల్ కంపెనీ 1980లో తెచ్చిన 8051 ఇలాంటిదే. లోపల 4 కిలోబైట్ల మాస్క్ రోమ్. అదే చిప్‌కు 8031 అని తమ్ముడు ఉండేవాడు. దాని లోపల ప్రోగ్రామ్ మెమరీయే ఉండదు, పక్కన వేరే చిప్ పెట్టుకోవాలి. 8751 అని ఇంకొకటి ఉండేది. దాని నెత్తిన గాజు కిటికీ ఉంటుంది.

ఆ కిటికీ చిప్ దగ్గర కాసేపు ఆగుతాను, ఎందుకంటే మిగతా కథంతా అందులోంచే పుట్టింది. నేను చదువుకునే రోజుల్లో హైదరాబాదు కోఠిలో గుజరాతీ గల్లీకి వెళ్లి ఒకటి కొనుక్కొచ్చుకుంటే నెలల తరబడి దాన్నే వాడేవాళ్లం. బూడిదరంగు పింగాణీ ఒళ్లు, మధ్యలో గుండ్రటి క్వార్ట్‌జ్ బిళ్ల. వెలుతురులో పట్టుకుని వంచితే లోపల సిలికాన్ ముక్క ఊదారంగులో మెరిసేది, దాని అంచుల నుంచి వెంట్రుక కంటే సన్నని తీగలు కాళ్లవైపు సాగి కనిపించేవి. చెరపాలంటే అతినీలలోహిత దీపం ఉన్న డబ్బాలో పెట్టి, సొరుగు మూసి, గడియారం ఇరవై నిమిషాలకు తిప్పేవాళ్లం. చెరిపాక కిటికీ మీద నల్ల స్టిక్కరు అంటించి కొత్త ప్రోగ్రామ్ ఎక్కించేవాళ్లం. స్టిక్కరు ఊరికే కాదు. కిటికీ తెరిచి ఉంచితే నేరు ఎండలో సుమారు వారంలో, ట్యూబులైటు వెలుగులో సుమారు మూడేళ్లలో రాత చెరిగిపోగలదని ఇంటెల్ కాగితాల్లోనే ఉండేది.

ఎండకు చెరిగే రాత ఏమిటి? దానికి లంకను తలుచుకుంటే సరిపోతుంది. కృష్ణ మధ్యలో లంక ఉంటుంది, చుట్టూ నీరు, వంతెన ఉండదు. చిప్‌లో ఒక్కొక్క గడిలో అలాంటి లంక ఒకటి ఉంటుంది. సిలికాన్‌తో చేసిన చిన్న దిమ్మ, చుట్టూ గాజు, అంటే సిలికాన్ డయాక్సైడ్. ఏ తీగా దానికి తగలదు. ఎలక్ట్రాన్లను గట్టి వోల్టేజీతో తోసి లంక మీదికి ఎక్కిస్తే అవి తిరిగి రాలేవు, గాజు దాటనివ్వదు. లంక మీద ఎలక్ట్రాన్లుంటే ఆ గడి ఒక జవాబు చెబుతుంది, లేకపోతే ఇంకో జవాబు చెబుతుంది. సున్నా, ఒకటి. ప్రోగ్రామ్ మొత్తం ఈ రెండింటితోనే. ఇంజినీర్లు తేలే గేటు అని పిలిచే ఈ లంక ఆలోచనను బెల్ ల్యాబ్స్‌లో డావన్ కాంగ్, సైమన్ జీ 1967లో బయటపెట్టారు. 1971లో ఇంటెల్‌లో డోవ్ ఫ్రోమన్ దాన్ని వాడి చెరిపి మళ్లీ రాయగల మెమరీ చేశాడు. 1702 అనే ఆ చిప్‌లో పట్టేది 256 బైట్లు.

గాజు గోడ ఎత్తు సుమారు 3.1 ఎలక్ట్రాన్ వోల్టులు. చెరిపే దీపం 254 నానోమీటర్ల కాంతి ఇస్తుంది, దాని ఒక్కో కాంతికణం సత్తా 4.9 ఎలక్ట్రాన్ వోల్టులు. గోడ దూకడానికి అది చాలు, పైన మిగులుతుంది కూడా. 400 నానోమీటర్ల కాంతికైతే సరిగ్గా గోడ ఎత్తంత సత్తా ఉంటుంది. అందుకే అంతకంటే పొట్టి తరంగాలున్న ఎండ, ట్యూబులైటు మెల్లగా చెరపగలవు, వంటింటి బల్బు ఎర్రటి వెలుగు ఏమీ చెయ్యలేదు. ఈ లెక్క మొదటిసారి కాగితం మీద వేసుకున్నప్పుడు కలిగిన సంతోషం నాకు ఇప్పటికీ గుర్తుంది. డబ్బాలో అతినీలలోహిత దీపమే ఎందుకుందో అప్పుడు అర్థమైంది.

పింగాణీ ఒళ్లు, క్వార్ట్‌జ్ కిటికీ ఖరీదైనవి. అదే సిలికాన్ ముక్కను కిటికీ లేకుండా నల్ల ప్లాస్టిక్‌లో పోతపోస్తే చాలా చవక అయ్యింది. కాకపోతే ఒక్కసారి ఎలక్ట్రాన్లు లంకెక్కాక కాంతి లోపలికి వెళ్లే దారి లేదు, చెరపడం ఉండదు. దీన్నే ఓటీపీ అంటారు. బ్యాంకు వాళ్లు ఫోనుకు పంపే ఓటీపీ కాదు, ఒక్కసారే రాయగల మెమరీ. ఈ రకం ఇంకా బతికే ఉంది. తైవాన్‌లోని పడాక్ కంపెనీ మూడు అమెరికన్ సెంట్ల ధరలో అమ్మి పేరు తెచ్చుకున్న చిన్న మైక్రోకంట్రోలర్ ఓటీపీయే. బొమ్మలు, దీపాల మాలలు, బ్యాటరీ చార్జర్లు, ఇలా ఎవరూ తిరిగి తెరిచి చూడని వస్తువుల్లో అది సరైన ఎంపిక.

తర్వాతి మలుపు జపాన్ నుంచి వచ్చింది. తోషిబాలో ఫుజియో మసువోకా లంకలను దీపం లేకుండా కరెంటుతోనే, ఒక్కొక్కటిగా కాక గుంపులు గుంపులుగా చెరిపే పద్ధతి కనిపెట్టి 1984లో శాన్‌ఫ్రాన్సిస్కో సదస్సులో వివరించాడు. ఒక్క దెబ్బకు చెరిగిపోవడం కెమెరా ఫ్లాష్‌లా ఉందని సహోద్యోగి అరిజుమి అన్న మాటే దానికి పేరయింది. 1993లో మైక్రోచిప్ కంపెనీ పిఐసి16సి84ను కరెంటుతో చెరిగే మెమరీతో, అంటే ఈఈప్రోమ్‌తో తెచ్చింది. అట్మెల్ కంపెనీ 8051కు ఫ్లాష్ చేర్చి ఏటీ89సి51 ఇచ్చింది. ఇరవై నిమిషాల దీపం డబ్బా అటక ఎక్కింది. ఇవాళ నూజివీడు ట్రిపుల్ ఐటీలో మొదటిసారి ఆర్డుయినో బోర్డు పట్టుకునే పిల్లలకు కిటికీ చిప్ చూపిస్తే మ్యూజియం వస్తువులా చూస్తారు. చూసి తప్పకుండా ఒక ప్రశ్న వేస్తారు: ఫ్లాష్ ఇంత సుఖంగా ఉంటే మిగతావి ఎందుకండీ?

ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికి నేను దూరం వెళ్లను. 2024 మే 13న, మామిడి కోతలు ముమ్మరంగా ఉన్న రోజుల్లో, నూజివీడు నియోజకవర్గం పోలింగు కేంద్రాల్లో శాసనసభకు, ఏలూరు లోక్‌సభకు ఓట్లు పడ్డాయి. ప్రతి గదిలో బల్ల మీద ఓటింగ్ యంత్రం. దేశంలో ఈ యంత్రాలు చేసేవి రెండే సంస్థలు: బెంగళూరు బీఈఎల్, మన హైదరాబాదు ఈసీఐఎల్. పశ్చిమ గోదావరి మోగల్లులో పుట్టిన అయ్యగారి సాంబశివరావు కట్టి నిలబెట్టిన సంస్థ ఈసీఐఎల్. 1967లో మొదలైంది. యంత్రంలోని మైక్రోకంట్రోలర్ ప్రోగ్రామ్ ఒకసారి రాస్తే మళ్లీ మార్చలేనిదని, అంటే ఓటీపీ లేదా మాస్క్ రకమని, ఎన్నికల కమిషన్ మొదటి నుంచీ చెబుతోంది.

ఇక్కడ అవసరం తోటలో ఉన్నదానికి పూర్తిగా ఎదురు. డబ్బాలో ప్రోగ్రామ్ మార్చగలగాలి. ఓటింగ్ యంత్రంలో ఎవరూ, తయారుచేసినవాడు కూడా, మార్చలేకపోవాలి. సుఖం అనే మాటకే అక్కడ చోటు లేదు. కాబట్టి పాతబడిన మెమరీయే అక్కడ మెరుగైన మెమరీ.

కాని ఇంతటితో కథ అయిపోలేదు, పిల్లలకు నేను ఎక్కువసేపు చెప్పేది దీని గురించే. 2010లో హైదరాబాదుకు చెందిన హరిప్రసాద్, మిషిగన్ విశ్వవిద్యాలయం ఆచార్యుడు అలెక్స్ హాల్డర్‌మన్, నెదర్లాండ్స్‌కు చెందిన రాప్ హాంగ్రైప్, మరికొందరు కలిసి ఒక ఓటింగ్ యంత్రాన్ని విప్పి చూసి పరిశోధనపత్రం రాశారు. ప్రోగ్రామ్ ఉన్న మాస్క్ రోమ్ జోలికే వాళ్లు వెళ్లలేదు. అంకెలు చూపే బోర్డును మార్చి ఒక దారి, ఓట్లు దాచే ఈఈప్రోమ్ చిప్‌ల మీద చిన్న పరికరం తగిలించి ఇంకో దారి చూపించారు. యంత్రాలు గట్టి కాపలాలో ఉంటాయి, అలా విప్పే వీలు ఎవరికీ ఉండదు అంటూ ఎన్నికల కమిషన్ ఆ నిర్ణయాలను ఒప్పుకోలేదు. ఆ వాదన తీర్చడం ఈ అధ్యాయం పని కాదు. చిప్ ఎంచుకునేవాళ్లకు మాత్రం అందులో రెండు సంగతులున్నాయి. ప్రోగ్రామ్‌కు తాళం వేసినంత మాత్రాన దాని పక్కన ఉన్న లెక్కల పుస్తకానికి తాళం పడదు. రెండోది, ఎవరూ మార్చకుండా లోపలి రాతను బయటికి చదవనివ్వకపోతే, అందులో ఉన్నది మనం రాయించిందేనా అని చూసుకునే దారీ మూసుకుపోతుంది. ఈ రెండోదే పెద్ద చిక్కని నా అభిప్రాయం. 2024 ఏప్రిల్ 26న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు కూడా ఈ చోటికే వచ్చింది: రెండు, మూడు స్థానాల్లో నిలిచిన అభ్యర్థులు ఫలితం వచ్చిన ఏడు రోజుల్లో రాసిచ్చి అడిగితే, ఆ నియోజకవర్గంలో 5 శాతం యంత్రాల మైక్రోకంట్రోలర్లలో కాల్చి రాసిన మెమరీని తయారీసంస్థల ఇంజినీర్లు తనిఖీ చెయ్యాలి అంది.

మళ్లీ తోటకు వస్తాను. చెట్టు కింద గోనెసంచి పరిచి, ల్యాప్‌టాప్ తెరిచి, బోర్డుకు తీగ కలిపాను. ఆ చిప్ ఏటీమెగా328పీ. 32 కిలోబైట్ల ఫ్లాష్, విడిగా 1 కిలోబైటు ఈఈప్రోమ్. లాక్ బిట్లు పెట్టి ఉంటే ప్రోగ్రామ్ బయటికి చదవడానికి వీలుండేది కాదు. మేం పెట్టలేదు, మా ప్రోగ్రామ్‌ను దొంగిలించి ఎవరూ బాగుపడేది లేదనుకున్నాం. చదివి, ఇంటి దగ్గర దాచిన ప్రతితో పోల్చాను. బైటుకు బైటు సరిపోయింది. ఎండ మీద పెట్టుకున్న అనుమానం అక్కడితో పోయింది. పోవాల్సిందే. ఆ చిప్ కాగితాల ప్రకారం రాత 85 డిగ్రీల వేడిలో 20 ఏళ్లు, 25 డిగ్రీల్లో 100 ఏళ్లు నిలవాలి. వేడి పెరిగేకొద్దీ లంక మీది ఎలక్ట్రాన్లు త్వరగా జారిపోతాయన్నది నిజమే. కాని నూజివీడు మే నెల ఎండ రేకు డబ్బాను ఎంత మాడ్చినా 85 దాకా రాదు, అదీ పగలు కొన్ని గంటలే.

తర్వాత ఈఈప్రోమ్ చదివాను. అన్ని గడులూ మామూలుగా ఉన్నాయి. నిమిషాల లెక్క దాచే గడి ఒక్కటే ప్రతి చదువులో వేరే అంకె చెబుతోంది. రాసి చదివినా రాసింది రాలేదు.

ఫ్లాష్, ఈఈప్రోమ్ రెండూ లంకలే. ఎలక్ట్రాన్లు గాజును దాటి వెళ్లి వచ్చే ప్రతిసారీ గాజు కొంచెం గాయపడుతుంది. రోజూ బళ్లు దిగే రేవు గట్టు కోసుకుపోయినట్టు. అందుకే ఎన్నిసార్లు రాయవచ్చో తయారీదారు చెబుతాడు. ఈ చిప్‌లో ఫ్లాష్‌కు 10,000 సార్లు, ఈఈప్రోమ్‌కు 1,00,000 సార్లు. లక్ష అంటే మాకు అంతులేని సంఖ్యలా అనిపించింది. కరెంటు ఎప్పుడు పోయినా లెక్క పోకూడదని పది సెకన్లకోసారి అదే గడిలో రాయించాం. సాగుకు పగలు తొమ్మిది గంటలు కరెంటు. గంటకు 360 సార్లు, రోజుకు 3,240 సార్లు. లక్షను దాంతో భాగించండి: ముప్పై ఒక్క రోజు. హామీ అన్నది కనీసపు లెక్క కాబట్టి ఆ గడి ఫిబ్రవరి మొదటి వారం నుంచి ఏప్రిల్ దాకా లాక్కొచ్చి, కాయకు నీళ్లు బాగా కావాల్సిన వారంలో చచ్చిపోయింది. అందులోంచి వచ్చిన పిచ్చి అంకెను చూసి ప్రోగ్రామ్, ఈ రోజు గడువు దాటిపోయింది అనుకుని మోటారు వెయ్యడం మానేసింది. ప్రోగ్రామ్ చెప్పిందే చేసింది. తప్పు మా చేతుల్లో జరిగింది. రాలిన కాయ మాత్రం బాబాయిది.

ఎన్నిసార్లు రాసినా అరగని మెమరీ లేకపోలేదు. ఎఫ్‌ర్యామ్ అని ఉంది. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ 2011 నుంచి తన ఎంఎస్‌పీ430 చిప్‌లు కొన్నిటిలో ప్రోగ్రామ్‌ను, లెక్కలను రెండింటినీ అందులోనే పెడుతోంది. దాని ఓర్పు కోటి కోట్ల సార్లను కూడా దాటుతుందని చెబుతారు. నిమిష నిమిషం లెక్క రాయక తప్పని పరికరానికి నేను అదే ఎంచుకుంటాను. ఈ డబ్బాకు అంత అవసరం లేదు. లెక్కను ఒక్క గడిలో కాకుండా వంద గడుల్లో వంతులవారీగా రాస్తే అరుగుదల వందో వంతుకు తగ్గుతుంది. కరెంటు పోతోందని పసిగట్టగానే, బోర్డు మీది కెపాసిటర్‌లో మిగిలిన చార్జి అయిపోయేలోపు ఒక్కసారి రాసుకుంటే ఇంకా తగ్గుతుంది. రోజుకు పదిసార్లు కరెంటు పోయి వచ్చినా లక్ష అయ్యేసరికి ఇరవై ఏడేళ్లు పడుతుంది, అదీ ఒకే గడిలో రాస్తే.

చెట్టు కిందే ఆ మార్పు రాశాను. చిప్‌లో ఓటీపీ పెట్టి ఉంటే ఆ పూట నేను చేయగలిగింది ఏమీ లేదు. అలాంటి డబ్బాలు మొత్తం ఏడు తోటల్లో ఉన్నాయి. ఏడు చోట్ల చిప్ పీకి, విజయవాడ వెళ్లి కొత్తవి తెచ్చి, ఎక్కించి బిగించేసరికి చిన్నరసాలు బుట్టల్లోకి వెళ్లిపోయేవి. ఒక భయం మాత్రం ఉంది: సగం ఎక్కాక తీగ ఊడితే, బ్యాటరీ అయిపోతే? దానికి చిప్‌లో ఒక మూల, గరిష్ఠంగా 4 కిలోబైట్లు, బూట్ విభాగం అని విడిగా ఉంటుంది. ఎక్కించే పని చేసే చిన్న ప్రోగ్రామ్ అక్కడ ఉంటుంది. మిగతాది చెడినా అది బతికి ఉంటే మళ్లీ మొదటినుంచి ఎక్కించుకోవచ్చు. ఆ మూలకు మాత్రం లాక్ బిట్లు పెట్టాం. డబ్బా మొత్తంలో మేం మారకూడదనుకున్న భాగం అదొక్కటే.

పాడైన గడిని వదిలేసి పక్క వంద గడులకు లెక్క మార్చాను. ఎక్కడానికి పది సెకన్లు కూడా పట్టలేదు. డబ్బా తలుపు మూశాను, బాబాయి మెయిను వేశాడు. కాంటాక్టరు ఠక్కుమంది. బోరు గొట్టంలో ముందు గాలి, తర్వాత ఎర్రటి బురద, ఆ తర్వాత నీళ్లు వచ్చాయి.

“మళ్లీ ఏదన్నా మార్చాలంటే మీరే రావాలా?” అని అడిగాడాయన, కాలువ మడవ తిప్పుతూ.

“అక్కర్లేదు బాబాయ్. తీగ ఇస్తాను, మీ అబ్బాయి చేత చేయించవచ్చు.”

“పక్క తోటవాళ్ల అబ్బాయైతే?”

అదీ చేయగలడు, తీగ దొరికితే. ఆ మాట ఆయనకు చెప్పి, ఏడు డబ్బాలకూ తలుపు తాళాలు కొనాలని చీటీ రాసుకున్నాను.